మూడక్షరాల ఊళ్ళు: తెలుగు పదశోధనకు కొలబద్ద ఏది?

ఐదక్షరాల ఇంగ్లీషు మాట కావాలి, అందులో ‘ఎల్’ ఉండాలి, మూడో చోట ‘ఎ’ రావాలి అని అడిగితే కంప్యూటరు క్షణంలో జాబితా ముందుంచుతుంది. అక్కడున్నవి 26 అక్షరాలు, ఒక్కోదానికి ఒక్కో గడి, తగవు లేదు. అదే ప్రశ్న తెలుగులో అడిగితే సాధనం తడబడుతుంది. లోపం పదాల పట్టికలో లేదు, దేన్ని అక్షరమని లెక్కపెడుతున్నామన్న దగ్గర ఉంది. ఆ లెక్కను మన ఛందస్సు, అవధానం ఏనాడో తేల్చాయనీ, పదశోధన సాధనాలు దాన్నే పాటించాలనీ ఈ వ్యాసం వాదన.

ఆమదాలవలసలో ఉన్న రైల్వేస్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. ఈ రెండు ఊళ్ళ పేర్లనే కొలిచి చూద్దాం. రోమన్ లిపిలో ఆమదాలవలసకు 13 అక్షరాలు. బేసి స్థానాలన్నిటా ‘ఎ’ ఒక్కటే. శ్రీకాకుళానికి 10. తెలుగులో మొదటిది ఏడక్షరాలు, రెండోది నాలుగు. యూనికోడ్ సంకేతాలు లెక్కపెడితే మాత్రం ఆమదాలవలసకు 8, శ్రీకాకుళానికి 10 వస్తాయి. ‘శ్రీ’ ఒక్కదానికే నాలుగు సంకేతాలు పడతాయి మరి: శకారం, విరామం (పొల్లు గుర్తు), రేఫ, గుడిదీర్ఘం. చదివేవాడికి నాలుగక్షరాల ఊరు యంత్రానికి ఏడక్షరాల ఊరికంటే పొడుగైపోయింది.

చిన్న పరీక్షకు శ్రీకాకుళం ప్రాంతం నుంచి మూడక్షరాల పేర్లు పది తీసుకున్నాను: పలాస, టెక్కలి, కంచిలి, పోలాకి, లావేరు, ఎచ్చెర్ల, పొందూరు, మందస, కవిటి, సోంపేట. సంకేతాల లెక్కన వీటి నిడివి 4 (పలాస, మందస) మొదలు 8 (ఎచ్చెర్ల) దాకా పోతుంది. ‘మూడు’ అని అడిగితే ఒక్కటీ వలలో పడదు. ఇక ‘ల ఉన్నవి చూపించు’ అంటే జవాబు మన ఉద్దేశాన్ని బట్టి మారుతుంది. తలకట్టుతో విడిగా నిలిచిన ‘ల’ పదింటిలో దేనిలోనూ లేదు. గుణింతం ఏదైనా సరే లకారం చాలనుకుంటే పలాస, టెక్కలి, కంచిలి, పోలాకి, లావేరు వస్తాయి. ఒత్తుగా ఉన్నా పరవాలేదంటే ఎచ్చెర్ల కూడా వచ్చి ఆరవుతాయి. మామూలు వెతుకులాట ఈ ఆరింటినీ ఒకే గాటన కట్టి ఇస్తుంది. ఏది ఏ లెక్కన వచ్చిందో చెప్పదు.

ఛందస్సు చెబుతుంది. ప్రాసకు రెండో అక్షరంలోని హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. కాని దాని ముందున్న అక్షరం గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే, లఘువైతే లఘువే కావాలి. పలాస, పోలాకి రెండింటా రెండో అక్షరం ‘లా’యే. అయినా ‘ప’ లఘువు, ‘పో’ గురువు కాబట్టి ప్రాస కుదరదు. వినడానికి ఏ పోలికా లేని మందస, పొందూరు మాత్రం బిందువు మీది దకారంతో చక్కగా కుదురుతాయి. నిడివిని కూడా ఛందస్సు అంకెతో వదిలిపెట్టదు, ఆకారం అడుగుతుంది. ఆమ, దాల, వలస: హగణం, హగణం, నగణం. మూడూ సూర్యగణాలే. అంటే ఆటవెలది మొదటి పాదానికి కావలసిన మూడు సూర్యగణాలు ఈ ఊరి పేరులోనే సిద్ధంగా ఉన్నాయి. తరువాత రెండు ఇంద్రగణాలు పడితే పాదం నిండుతుంది. రెండు గురువులతో మొదలయ్యే శ్రీకాకుళానికి ఆ చోట ప్రవేశం లేదు.

ఈ విద్య అవధాన వేదికమీద ఆటగా మారింది. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథకే కాదు, అష్టావధానానికీ పేరుపొందారు. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా స్థానాన ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు నిర్దేశిస్తాడు. నిషేధాక్షరిలో అవధాని నోట ఒక్కో అక్షరం వెలువడుతుండగా తరువాత రాకూడని అక్షరాన్ని పృచ్ఛకుడు చెబుతాడు. 2021లో వెలువడి ప్రపంచమంతా పాకిన వర్డిల్ అనే మాట ఊహించే ఆటలో అక్షరం చోటు ఖాయంచేసే ఆకుపచ్చ గడి పని న్యస్తాక్షరిది, అక్షరాన్ని కాదనే బూడిదరంగు గడి పని నిషేధాక్షరిది. తేడా ఏమిటంటే వర్డిల్‌లో జవాబు ముందే దాగి ఉంటుంది, అవధాని దాన్ని అప్పటికప్పుడు పుట్టించాలి. నా దృష్టిలో అవధానమే కష్టమైన ఆట.

ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో అచ్చువేసిన పజిలు వంశమే మన గళ్ళ నుడికట్టు. తెలుగులో దానికి ప్రాచుర్యం తెచ్చిన ఆరుద్ర విశాఖపట్నంలో పుట్టి విజయనగరంలో చదువుకున్నవారు. ఇక్కడ పాఠకుడు సంకేతాలు లెక్కపెట్టడు, గడికో అక్షరం రాస్తాడు. చిక్కల్లా పొల్లు దగ్గరే. ‘రోడ్’ ఛందస్సులో ఒక్క గురువు. పొల్లు ముందరి అక్షరానికే చెందుతుంది. గడుల్లో ‘డ్’కు విడి గడి ఇస్తే రెండవుతుంది. ఆ లెక్కన శ్రీకాకుళం రోడ్ ఒకచోట ఐదు, మరోచోట ఆరు.

యూనికోడ్ ఈమధ్యే దారికొచ్చింది. మొన్నమొన్నటిదాకా దాని నియమం ఎచ్చెర్లను విరామం దగ్గరల్లా తెంచి ఎ, చ్, చె, ర్, ల అని ఐదు ముక్కలు చేసేది. 2023లో వచ్చిన 15.1 కూర్పు తెలుగు సంయుక్తాక్షరాన్ని విరగ్గొట్టకుండా ఒక్కటిగా ఉంచమంది. దానితో ఎచ్చెర్ల మూడక్షరాల ఊరయింది. అయితే నియమం మారినంత మాత్రాన పాత సాధనాలు వాటంతట అవి మారవు.

కనుక తెలుగు పదశోధన సాధనం కట్టేవారు నిడివిని అక్షరాల్లోనే అడగాలి. వెతికే హల్లు తలకట్టుతోనా, ఏ గుణింతమైనానా, ఒత్తుగా కూడానా అన్నది వాడేవారికే వదలాలి. గురులఘువుల వరసకు ఒక గడి ఉంచాలి. పొల్లుకు విడి గడి ఇస్తున్నదీ లేనిదీ పత్రికలు నుడికట్టు పక్కనే అచ్చువేయాలి.