ఎంతమందికి చోటు? ఓడలూ, అంటువ్యాధులూ, రెండు శతాబ్దాల లెక్కలూ

ఒక ఓడ మీద ఎంతమందిని ఎక్కించవచ్చు? ఇవాళ ప్రతి ప్రయాణికుల ఓడ దగ్గరా దీనికి రాతపూర్వకమైన జవాబు ఉంటుంది. ప్రమాదం వస్తే అందరినీ దింపడానికి ప్రాణరక్షక పడవల్లోనూ తెప్పల్లోనూ ఎంతమందికి చోటుందో చూసి, భద్రతా సర్టిఫికెట్‌లో ఆ సంఖ్య రాస్తారు. అదే ఓడలో అంటువ్యాధి పుడితే ఎంతమందిని విడివిడి గదుల్లో ఉంచగలరు? ఆ సర్టిఫికెట్ ఈ ప్రశ్న అడగదు. 2020లో కరోనా వచ్చినప్పుడు యొకొహామా నుంచి సిడ్నీ దాకా రేవుల్లో జరిగిన ఘోరానికి ఆ అడగని ప్రశ్నే మూలం. బాధ కలిగించే సంగతి ఏమిటంటే, అది కొత్త ప్రశ్న కాదు. పందొమ్మిదో శతాబ్దం దాన్ని అడిగింది, వేలమంది పేదలు సముద్రం మీద చనిపోయాక అడిగింది. తర్వాత లోకం మరిచిపోయింది.

తెరచాప ఓడల కాలంలో అమెరికా నుంచి ఐరోపాకు కలప, పత్తి తెచ్చిన ఓడలు తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోకుండా వలస వెళ్లేవాళ్లను ఎక్కించుకునేవి. సరుకు దించిన చోటే చెక్కబల్లలు కొట్టి మనుషుల్ని కుక్కేవారు. 1819లో అమెరికా చేసిన చట్టం, ఓడ పరిమాణంలో ప్రతి 5 టన్నులకు ఇద్దరిని మించి ఎక్కించకూడదని గీత గీసింది. అలాంటి గీతలు ఎంత బలహీనమో 1847లో తేలింది. బంగాళాదుంప పంట కుళ్లి ఆకలికి తాళలేక ఐర్లండ్ వదిలిన జనం కెనడా దారి పట్టారు. సెయింట్ లారెన్స్ నదిలోని గ్రోస్ ఐల్ అనే దీవిలో ఓడల్ని ఆపి జబ్బుపడినవాళ్లను దింపేవారు. ఆ ఒక్క ఏడాదే అక్కడ 5,000 మందికి పైగా మట్టిలో కలిశారు. వాళ్లను చంపిన టైఫస్ పేల వల్ల వ్యాపిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇరుకు చంపుతోందని మాత్రం కళ్లున్న ప్రతివాడికీ కనిపించింది.

అందుకే చట్టాలు మారాయి. 1855 నాటి బ్రిటిష్ చట్టం పెద్ద వలస ఓడల్లో వైద్యుడూ, ఆసుపత్రికి విడిగా చోటూ ఉండాలంది. 1882 నాటి అమెరికా చట్టం ఒక్కో ప్రయాణికుడికి కనీసం 100 ఘనపుటడుగుల చోటు వదలాలంది, అట్టడుగు డెక్కులోనైతే 120. చెడుగాలి వల్లే జబ్బులొస్తాయన్న పాత నమ్మకం ఇంకా పూర్తిగా పోని కాలమది. వాళ్ల శాస్త్రం తప్పు కావచ్చు, కొలత మాత్రం సరైనదే. తలకు ఇంత గాలి అని లెక్కగట్టిన ఆ చట్టాలను ఇవాళ చదువుతుంటే గౌరవం కలుగుతుంది.

విహార ఓడల కథ కూడా ఈ వలస ఓడల కడుపులోనే పుట్టింది. హాంబర్గ్‌లో హపాగ్ అనే నౌకా సంస్థను నడిపించిన ఆల్బర్ట్ బాలిన్‌కు ఒక చిక్కు ఉండేది. చలికాలంలో అట్లాంటిక్ దాటే ధనికులు తక్కువ కాబట్టి మంచి ఓడలు పని లేక పడి ఉండేవి. 1891 జనవరిలో ఆయన అగుస్టా విక్టోరియా అనే ఓడను 241 మంది ప్రయాణికులతో మధ్యధరా సముద్రంలో షికారుకు పంపాడు. ఎక్కడికో చేరడానికి కాకుండా, ఓడలో ఉండటానికే డబ్బిచ్చే ప్రయాణికులు వాళ్లు. మరుసటి ఏడాదే హాంబర్గ్‌లో కలరా చెలరేగి సుమారు 8,600 మందిని పొట్టన పెట్టుకుంది. అదే సంస్థకు చెందిన మొరావియా న్యూయార్క్ చేరేసరికి దారిలో 22 మంది చనిపోయారు, ఎక్కువమంది చిన్నపిల్లలు. వెనకే నార్మానియా వచ్చింది. అందులో అడుగున వలసజీవులూ, పైన మొదటి తరగతి సంపన్నులూ ఉన్నారు. కలరా రెండు అంతస్తుల మధ్య గోడను లెక్కచేయకపోవచ్చుగానీ అధికారులు చేశారు. పై తరగతివాళ్ల కోసం ఫైర్ ఐలండ్‌లో ఏకంగా ఒక హోటల్‌నే రాష్ట్ర ప్రభుత్వం కొన్నది. అక్కడి స్థానికులు రేవుకు అడ్డం నిలిచి దిగనివ్వకపోతే, ఆ ప్రయాణికులు సెఫియస్ అనే చిన్న స్టీమరులో పడుకోవడానికి చోటు లేక రాత్రి వెళ్లదీశారు. అప్పటి అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ప్రభుత్వం 20 రోజుల నిర్బంధం విధించింది. అది వలసజీవుల్ని తెచ్చే ఓడలకు మాత్రమే.

ఈ తేడా అక్కడితో ఆగలేదు. 1896 డిసెంబరులో కోర్‌లాండ్, నాదెరీ అనే రెండు ఓడలు బొంబాయి వైపు నుంచి సుమారు 800 మంది భారతీయులతో డర్బన్ చేరాయి. వాళ్లలో గాంధీ ఒకరు. బొంబాయిలో ప్లేగు ఉందన్న కారణంతో వాళ్లను ఓడల్లోనే ఆపేశారు. కానీ ఓడల్లో జబ్బు లేదని తేలాక కూడా గడువు పొడిగిస్తూ 1897 జనవరి 13 దాకా దిగనివ్వలేదు. ఒడ్డున తెల్లవాళ్లు సభలు పెట్టి, వాళ్లను వెనక్కి పంపేయాలని కేకలు వేస్తున్నారు. దిగిన రోజే గాంధీ మీద దాడి జరిగింది. క్వారంటైన్ ఆరోగ్యం కోసమా, వద్దనుకున్న మనుషుల్ని ఆపడం కోసమా అన్న సందేహం ఆనాటి నుంచీ మనవాళ్లకు తెలుసు.

మన తీరానికీ ఈ లెక్కలతో బంధం ఉంది. 1860లో మద్రాసు నుంచి డర్బన్‌కు మొదటి ఒప్పంద కూలీలను తీసుకెళ్లిన ట్రూరో ఓడలో తెలుగువాళ్లున్నారు. 1903 నుంచి మద్రాసు ద్వారా ఫిజీకి వెళ్లినవాళ్లలోనూ ఉన్నారు. వీటన్నిటికంటే పెద్ద రాకపోకలు మాత్రం రంగం (రంగూన్) దారివి. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లలో మనవాళ్లు బర్మా వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. వాళ్ల టిక్కెట్టులో గది ఉండదు, బెర్తు ఉండదు. డెక్కు మీద చాప పరుచుకున్నంత మేరే వాళ్ల చోటు. అట్లాంటిక్ చట్టాలు లోపలి గదుల గాలిని కొలుస్తుంటే, బంగాళాఖాతంలో ఆరుబయట పడుకునే కూలీని డెక్కు వైశాల్యంతో కొలిచేవారు.

1912లో టైటానిక్ మునిగింది. ఆ దుఃఖం నుంచి 1914 నాటి అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం వచ్చింది, ఓడలో ఉన్న ప్రతి మనిషికీ పడవలో చోటు ఉండాలన్నది. ఎంతో మంచి నియమం, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఓడ సామర్థ్యం అంటే అప్పటి నుంచీ పడవల్లో సీట్ల లెక్కగానే జనం మనసులో నిలిచిపోయింది. వలసలు తగ్గి, ఓడ కింది అంతస్తుల్లో గుంపులుగా పడుకునే రోజులు పోయేకొద్దీ తలకు ఇంత గాలి అన్న పాత కొలత వెనక్కి వెళ్లింది.

1918 ఆ మరపును గట్టిగా తట్టింది. న్యూజీలాండ్ నుంచి ఇంగ్లండుకు సైనికుల్ని తీసుకెళ్తున్న తాహితీ ఓడలో సిబ్బందితో కలిపి సుమారు 1,200 మంది. ఫ్రీటౌన్ దగ్గర ఇన్‌ఫ్లుయెంజా ఎక్కింది. పది మందిలో తొమ్మిదిమందికి సోకి, 70 మందికి పైగా చనిపోయారు. ఊయలలు ఒకదానికొకటి తగిలేలా కట్టి, గాలి ఆడని చోట పడుకోబెట్టడమే ఇంత నష్టానికి ముఖ్య కారణమని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అమెరికా సైనిక ఓడ లెవయతన్‌లో అదే ఏడాది సెప్టెంబరు చివర సుమారు 2,000 మంది జబ్బుపడ్డారు. ఆక్లండ్ నుంచి టాల్యూన్ అనే ప్రయాణికుల ఓడ నవంబరు 7న పశ్చిమ సమోవాలోని ఆపియాకు చేరితే, రోగుల్ని దింపడానికి అనుమతిచ్చారు. కొన్ని వారాల్లో ఆ దీవుల జనాభాలో అయిదో వంతుకు పైగా చచ్చిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు జాన్ పోయర్ ఓడల్ని కఠినంగా ఆపాడు, అక్కడ ఒక్కరూ పోలేదు. నిర్బంధం పనిచేయదని వాదించేవాళ్లకు ఈ రెండు దీవుల మధ్య తేడాను మించిన జవాబు నాకు దొరకలేదు.

ఇక విహారం పరిశ్రమగా మారింది. 1966లో మయామి నుంచి సన్‌వర్డ్ అనే ఓడ కరీబియన్ షికార్లు మొదలుపెట్టింది. 1988లో 73,000 టన్నుల సావరిన్ ఆఫ్ ది సీస్‌ను చూసి లోకం నోరు తెరిచింది. 2009లో ఒయాసిస్ ఆఫ్ ది సీస్ దానికి మూడు రెట్లు. ఈ పరిశ్రమ లెక్క ప్రకారం గదికి ఇద్దరు చొప్పున వేస్తే వచ్చేదే 100 శాతం. పిల్లలు పై బెర్తుల్లోనూ సోఫాల్లోనూ పడుకుంటే వంద దాటుతుంది. 2019లో రాయల్ కరీబియన్ సంస్థ ఓడలు సగటున 108 శాతం నిండాయి. వాటాదారులకు అది శుభవార్త. ఈ శాతంలో సిబ్బంది లేరు. నీటిమట్టానికి దగ్గరగా, కిటికీల్లేని గదుల్లో ఇద్దరు ముగ్గురు చొప్పున సర్దుకుని, ఒకే భోజనశాలలో తినే ఆ వేలమంది ఏ నిండుదనం లెక్కలోనూ రారు. వాళ్లలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండొనేసియా, భారతదేశాల బిడ్డలు.

ఇలాంటి ఓడల మీదికే కరోనా వచ్చింది. డైమండ్ ప్రిన్సెస్ 2020 జనవరి 20న యొకొహామాలో బయలుదేరింది. హాంకాంగ్‌లో దిగిన ఒక ప్రయాణికుడికి వ్యాధి ఉందని తేలడంతో ఫిబ్రవరి 3న తిరిగి యొకొహామా చేరింది. ఓడలో 2,666 మంది ప్రయాణికులు, 1,045 మంది సిబ్బంది. ఫిబ్రవరి 5 నుంచి ప్రయాణికుల్ని గదుల్లోనే ఉండమన్నారు. సిబ్బందిని మాత్రం ఉండమనలేదు, ఉండమనడం సాధ్యమూ కాదు. వండేవాళ్లు, గది గదికీ పళ్లెం మోసేవాళ్లు, గుడ్డలు ఉతికేవాళ్లు ఎవరు? మొదట తేలిన 20 మంది సిబ్బంది రోగుల్లో 15 మంది ఆహార విభాగంవాళ్లు. 16 మంది గదులు మూడో డెక్కులోనే ఉన్నాయి. పగలు వడ్డించి, రాత్రి ఒకే ఇరుకులో నిద్రపోయిన ఆ మనుషులే ఆ నిర్బంధాన్ని తమ భుజాల మీద మోశారు. చివరికి 712 మందికి సోకింది. ఫిబ్రవరి 27న ఎయిరిండియా విమానం 119 మంది భారతీయుల్ని ఢిల్లీకి చేర్చింది, దాదాపు అందరూ ఓడ పనివాళ్లే.

తర్వాతి వారాలు ఎవరి రేవును వాళ్లు మూసుకునే వారాలు. వెస్టర్‌డామ్‌ను అయిదు చోట్ల వద్దన్నాక కంబోడియా రానిచ్చింది. దాంట్లో జబ్బు విరుచుకుపడలేదు. సిడ్నీలో మార్చి 19న రూబీ ప్రిన్సెస్ నుంచి సుమారు 2,650 మందిని పరీక్షా ఫలితాలు రాకముందే ఊళ్లోకి వదిలారు. ఆ ఓడతో ముడిపడి 28 మంది చనిపోయారు. విచారణ జరిపిన బ్రెట్ వాకర్ ఆరోగ్యశాఖ చేసిన తప్పుల్ని క్షమించరానివన్నారు. జాండామ్ అనే ఓడలో నలుగురు సముద్రం మీదే పోయారు.

గుంపు తగ్గిస్తే చాలనుకునేవాళ్లు గ్రెగ్ మార్టిమర్‌ను గుర్తుంచుకోవాలి. అంటార్కిటికా వైపు వెళ్లిన ఆ చిన్న ఓడలో మొత్తం 217 మందే. కిక్కిరిసిన ఓడ కాదు. అయినా 128 మందికి సోకింది, వాళ్లలో అయిదింట నాలుగు వంతుల మందికి ఏ లక్షణమూ లేదు. ఒకే గాలి, ఒకే బల్ల, రోజుల తరబడి సహవాసం ఉంటే రెండు వందలమంది కూడా ఎక్కువే. కాబట్టి తలల సంఖ్యకంటే ముందు చూడాల్సింది, ఒక్కో తలకు విడిగా గది, విడిగా స్నానాలగది, బయటి గాలి ఎంత దొరుకుతాయన్నది. 1882 చట్టం తడబడుతూనే అడిగింది ఇదే.

మార్చి 14న అమెరికా అంటువ్యాధుల నియంత్రణ సంస్థ ఓడల్ని ఆపేసింది. ప్రయాణికులు ఇళ్లకు వెళ్లారు. ఏప్రిల్లో ఆ దేశపు తీరాల చుట్టూ సుమారు 100 ఓడల్లో దాదాపు 80,000 మంది సిబ్బంది మిగిలిపోయారు. అప్పుడు వచ్చిన ఆదేశాన్ని నేను ఈ మొత్తం చరిత్రలో ఒక మైలురాయి అంటాను. సిబ్బందిని ఒక్కొక్కరినీ విడి గదిలో, సొంత స్నానాలగదితో ఉంచాలని అది చెప్పింది. ప్రయాణికుల గదులన్నీ ఖాళీ అయ్యాయి కాబట్టే అది వీలైంది. ఏప్రిల్ చివర్లో మారెల్లా డిస్కవరీ నుంచి నూట నలభైమందికి పైగా భారతీయ సిబ్బంది ముంబయిలో దిగడానికి మన ప్రభుత్వ నియమాలే మార్చాల్సి వచ్చింది.

షికార్లు తిరిగి మొదలైనప్పుడు అంకెలు తగ్గాయి. 2020 నవంబరులో సింగపూర్ ఎక్కడా ఆగని షికార్లను సగం సామర్థ్యంతో అనుమతించింది. 2021 మేలో ఇంగ్లండు 1,000 మంది లేదా సగం, ఏది తక్కువైతే అది అంది. ఆ నడుమ కార్నివాల్ సంస్థ తన పాత ఓడల్ని టర్కీలోని అలియాగా తుక్కు రేవుకు తోలింది. పోయినవి చిన్నవి, మిగిలినవీ కొత్తగా వచ్చినవీ పెద్దవి.

2022 జులైలో అమెరికా ఓడల మీద కోవిడ్ కార్యక్రమాన్నే ముగించింది. నవంబరులో మెజెస్టిక్ ప్రిన్సెస్ 4,600 మందితో, అందులో సుమారు 800 మంది రోగులతో సిడ్నీ చేరింది. టీకాలు వచ్చాయి కాబట్టి 2020 పునరావృతం కాలేదు. 2023కు రాయల్ కరీబియన్ మళ్లీ 105 శాతం దాటింది. 2024 జనవరిలో బయలుదేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ గదికి ఇద్దరు లెక్కన 5,610 మందిని, పూర్తిగా నింపితే 7,600 మందిని ఎక్కించుకోగలదు. సిబ్బంది అదనం.

మన దగ్గర, 2022 జనవరి మొదట్లో ముంబయి నుంచి సుమారు 2,000 మందితో గోవా వచ్చిన కార్డీలియా ఓడలో 66 మందికి కోవిడ్ తేలింది. ఓడ ముంబయికి మళ్లింది. అయిదు నెలలకు అదే ఓడ విశాఖకు వచ్చినప్పుడు చూడటానికి జనం పోటెత్తారు. 2023 సెప్టెంబరులో విశాఖలో సుమారు 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది, 2,000 మంది ప్రయాణికుల ఓడల్ని చూసుకునేలా. పొడవు, లోతు, పార్కింగు, కస్టమ్స్ కౌంటర్ల గురించి లెక్కలు వినిపించాయి. గోవాలో తేలినట్టు ఒకే ఉదయం 66 మంది ఇక్కడ తేలితే వాళ్లను దింపి ఉంచడానికి ఎన్ని గదులున్నాయో, సిబ్బందికి వాటిలో ఎన్ని కేటాయిస్తారో పోర్టు, జిల్లా యంత్రాంగం కలిసి ప్రకటించాలి. ఓడ లంగరు వేయడానికి అనుమతి ఇచ్చే కాగితం మీదే ఆ అంకె ఉండాలి.