చీకట్లో మనుషుల్ని చూసిన గాజు

పాలంపేటలోని రామప్ప గుడి మీద గులాం యజ్దానీ రాసిన గ్రంథం 1922లో వెలువడింది. నిజాం ప్రభుత్వం 1914లో నెలకొల్పిన పురావస్తు శాఖకు ఆయన తొలి డైరెక్టరు. పాలంపేట గుళ్ల శిల్పాలు దేశదేశాల పండితుల కంట పడటానికి ఆ పుస్తకంలోని ఫొటోలు ఎంతో తోడ్పడ్డాయి. ఆ కాలపు కెమెరాకు రాయిని మించిన నేస్తం లేదు. కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, లెన్సు మూత తీసి, కావలసినంతసేపు వేచి ఉండవచ్చు. 1213లో నిలబెట్టిన స్తంభం కదలదు.

మనిషి కదులుతాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రాలు చూడండి. దర్బారులో, స్టూడియోలో, వేట శిబిరంలో దాదాపు అందరూ కెమెరా కోసం బిగుసుకుని నిలబడ్డవాళ్లే. ఆయన నైపుణ్యం గొప్పది, కానీ ఆనాటి ప్లేట్లకు, లెన్సులకు అంతకు మించి చేతకాదు. దీపం వెలుగులో పని చేసుకుంటున్న మనిషి, తనను ఎవరో చూస్తున్నారన్న స్పృహ లేని మనిషి ఫొటోలోకి రావాలంటే వేరే గాజు కావాలి. ఆ గాజు పుట్టి తొంభై ఏళ్లు దాటింది. సెకండ్ హ్యాండ్ బజారులో ఇంకా దొరుకుతూనే ఉంది. కొనాలా వద్దా అని తలపట్టుకునే కుర్రాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు.

ఆ గాజుకు రూపమిచ్చినవాడు లుడ్విగ్ బెర్టెలె. 1900లో పుట్టిన ఈ జర్మన్ ఇరవై ఏళ్లు దాటిన కొత్తలోనే డ్రెస్డెన్‌లోని ఎర్నెమన్ కంపెనీకి ఎర్నోస్టార్ అనే లెన్సు గీసిచ్చాడు. దాన్ని బిగించిన చిన్న కెమెరాతో ఎరిక్ సాలమన్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్ 1928 నుంచి కోర్టు విచారణలను, మంత్రుల సమావేశాలను ఫ్లాష్ లేకుండా తీసి ఐరోపాను ఆశ్చర్యపరిచాడు. ఎర్నెమన్ సంస్థ జైస్ ఐకాన్‌లో కలిసిపోయాక, 1932లో కాంటాక్స్ కెమెరా కోసం బెర్టెలె సోనార్ లెన్సును అందించాడు. దాని ఫోకల్ లెంగ్త్ 5 సెంటీమీటర్లు, గరిష్ఠ ఎపర్చర్ ఎఫ్ 1.5.

ఈ ఎఫ్ అంకె దగ్గర కాస్త ఆగాలి. అది ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుగు వస్తుంది. అదే రోజుల్లో లైకా కెమెరాకు మామూలుగా వచ్చే లెన్సు ఎఫ్ 3.5. లెక్క కడితే సోనార్ దానికి ఐదు రెట్లకు పైగా వెలుగును ఫిల్ముకు చేరుస్తుంది. సోనార్‌తో సెకనులో ముప్పయ్యో వంతులో అయ్యే ఫొటోకు లైకా లెన్సుతో ఐదో వంతో ఆరో వంతో పడుతుంది. చేతిలో కెమెరా, ఎదురుగా కదిలే మనిషి ఉన్నప్పుడు ఫొటో దక్కడం, చెడిపోవడం ఈ తేడాలోనే ఉంది. ఆనాటి గాజుకు పైపూత లేదు. గాలీ గాజూ కలిసే ప్రతి అంచు దగ్గర నూటికి నాలుగైదు పాళ్ల వెలుగు వెనక్కి తిరిగిపోయేది. బెర్టెలె ఏడు గాజుముక్కలను మూడు గుంపులుగా అతికించి అలాంటి అంచులను ఆరుకు కుదించాడు. వెలుగు నష్టం తగ్గింది, నలుపు నలుపుగా నిలిచింది. ఆ మేధకు నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

కాంటాక్స్ లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో అద్దం ఎగరదు, పెద్ద చప్పుడు ఉండదు. కిటికీలో ఒకే మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తాడు. రింగు తిప్పుతూ రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. మసక వెలుగులో కూడా ఈ పద్ధతి పని చేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్ నష్టపరిహారంగా కాంటాక్స్ తయారీ యంత్రాలను కీవ్‌కు తరలించింది. సోనార్ వంశం సోవియట్ దేశంలో జూపిటర్-3 పేరుతో కొనసాగింది. మొదటి విడతల్లో జర్మన్ గాజునే వాడారు. 1980ల దాకా వేర్వేరు కర్మాగారాల్లో ఇది తయారైంది. జపాన్‌లో నికాన్ కూడా సోనార్ బాటనే నడిచింది. 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ కొరియా యుద్ధానికి నికాన్ లెన్సులతో వెళ్లాకే ప్రపంచం వాటిని గుర్తించింది. ఆ తర్వాత అంకెల పందెం మొదలైంది. 1956లో నికాన్ ఎఫ్ 1.1, 1961లో కేనన్ ఎఫ్ 0.95, 1966లో లైకా నాక్టిలక్స్ ఎఫ్ 1.2. అప్పటికే 1959లో నికాన్ ఎఫ్ కెమెరా వచ్చి అద్దం ఉన్న కెమెరాల యుగాన్ని తెరిచింది.

ఆ రోజుల్లో మన దగ్గరి స్టూడియోల్లో ఏలింది మాత్రం రెండు కళ్ల కెమెరా, 120 రోలు, పక్కన ఫ్లాష్. అందుకే మన ఊళ్ల రాత్రులు ఫొటోల్లో అంతగా కనిపించవు. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక జనగామ ప్రాంతమంతా రగిలింది. చీకటి పడ్డాక గుడిసెల్లో జరిగిన సంఘం సమావేశాలు పాటల్లో, పెద్దల మాటల్లో బతికాయి. కందిలి వెలుగులో ఆ ముఖాలు ఎలా ఉండేవో చూద్దామంటే ఫొటోలేవీ? ఈ లోటు నన్ను చాలా కాలంగా బాధిస్తోంది. పాత లెన్సు కొనాలా అని ఎవరైనా అడిగితే నా ఆలోచన మొదలయ్యేది ఇక్కడి నుంచే.

ఆ మసక వెలుగు మన చుట్టూ ఇంకా ఉంది. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఉలి ఆడించే చేతులు తలుపులోంచి వచ్చే ఒక్క వెలుగులోనే పని చేస్తాయి. గణపురం కోటగుళ్ల లోపల మిట్టమధ్యాహ్నం కూడా మసకే. కురవి వీరభద్రస్వామి జాతరలో శివరాత్రి జాగారం చేసే జనం ఉన్నారు. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య కట్టించి, 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ చర్చి ఉంది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలబోసిన ఆ కట్టడంలో సాయంత్రం ప్రార్థన వేళ ఫ్లాష్ కొట్టడం నా దృష్టిలో అపచారం. భూపాలపల్లిలో రాత్రి షిఫ్టుకు కదిలే సింగరేణి కార్మికుల దారులూ ఉన్నాయి.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. ఇవాళ్టి డిజిటల్ కెమెరాకు కొత్త ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే ఇదే పని ఇంకా తేలిగ్గా, ఇంకా స్ఫుటంగా అవుతుంది. పెళ్లిళ్లు తీసి బతికేవాళ్లకు నా సలహా అదే. తలంబ్రాల వేళ రింగు తిప్పుతూ కూర్చుంటే క్షణం జారిపోతుంది. పాత సోనార్ జాతి ఇచ్చేది వేరు. పూర్తిగా తెరిచినప్పుడు మధ్యలో ముఖం నిలుస్తుంది, అంచులు మెత్తబడతాయి, వెనకున్నది కరిగిపోతుంది. దీపం చుట్టూ పల్చటి కాంతి వలయం కడుతుంది. అది కావాలనుకున్నవారే కొనాలి. ఎఫ్ 0.95 మోజు మాత్రం వద్దంటాను. ఆ ధర పెట్టేది పేరుకే. పైగా ఆ కేనన్ లెన్సు అందరి కెమెరాలకూ కుదిరే మర తరహా కాదు, దాని కోసమే చేసిన ప్రత్యేక బిగింపు.

జూపిటర్-3 చూస్తుంటే మొదట బిగింపు అడగండి. 39 మిల్లీమీటర్ల మర ఉన్నది ఒక రకం, కీవ్ కెమెరా బిగింపు ఉన్నది ఇంకో రకం. రెండోదానికి అడాప్టర్ వెతకడం పెద్ద తలనొప్పి. సీరియల్ నంబరులో మొదటి రెండు అంకెలు సాధారణంగా తయారైన సంవత్సరం. ముందువైపు ఎర్రటి రష్యన్ ‘ప’ అక్షరం ఉంటే పైపూత ఉన్నట్టు. సోవియట్ కొలతకూ లైకా కొలతకూ చిన్న తేడా ఉండటం వల్ల లైకా మీద దగ్గరి ఫొటోల్లో ఫోకస్ తప్పుతుంది. తెర మీద చూసి ఫోకస్ చేసే డిజిటల్ కెమెరాలో ఆ బాధ లేదు. ఎపర్చర్ మూస్తున్నకొద్దీ ఫోకస్ కొంచెం వెనక్కి జరగడం మాత్రం ఈ వంశానికంతా ఉన్న గుణం. మీటరు కన్నా దగ్గరికి ఇది చూడలేదు కాబట్టి పెంబర్తి పనివాడి వేళ్ల కన్నా అతని నడుము పైభాగమంతా తీయడానికి సిద్ధపడాలి.

తర్వాత ఫోను టార్చి వెనకనుంచి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, మన వానాకాలపు తేమలో ఊరుకోదు. పొగమంచులా మసక ఉంటే తుడిస్తే పోవచ్చు, గాజునే తినేసి ఉంటే పోదు. బ్లేడ్ల మీద జిడ్డు ఉన్నా ఫొటోకు పెద్ద నష్టం లేదు. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పి మళ్లీ బిగించారన్నమాట, ఫోకస్ అనుమానించాల్సిందే. కొన్నాక తోలు సంచిలో దాచకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి.

అన్నిటికన్నా ముందు అమ్మేవారిని ఒక సాయంత్రం వాడి చూస్తానని అడగండి. పూర్తిగా తెరిచి, దీపం వెలుగులో ఇంట్లోవాళ్ల కళ్లమీద ఫోకస్ పెట్టి పది ఫొటోలు తీస్తే విషయం తేలిపోతుంది. కాదంటే వదిలేయండి. దశాబ్దాల పాటు తయారైన లెన్సు ఇది, ఇంకొకటి దొరుకుతుంది.