హర్డు వ్యవస్థ: కొన్ని ప్రశ్నలు, కొంత చరిత్ర

గుడివాడలో నాయొద్ద చదువుకొని, నేడు పట్టణమున కంప్యూటరు పనులు చేయుచున్న శిష్యుడొకడు మొన్నటి సంక్రాంతికి బందరు వచ్చి, "మేష్టారూ, మీరు శబ్దమంజరి విడిచి హర్డును పట్టుకొన్నారట, ఏమిటండీ యిది?" అని యడిగెను. ఆ ప్రశ్న అతడొక్కడే కాదు, పలువు రడుగుచున్నారు. హర్డు అనగా నేమి? లినక్సు ఉండగా అది యేల? నా యంత్రముమీద నడచునా? ఇన్నేండ్లకును ముగియలేదేమి? ఈ ప్రశ్నలకు విడివిడిగా బదులు చెప్పిన తృప్తి కలుగదు. కథ మొదటినుండి చెప్పవలయును.

ముందు నా సంగతి యొకటి. మా తండ్రిగారు ఆముక్తమాల్యదకు వ్రాసిన టిప్పణ మొకటి మా యింట నుండెను. రాయలవారికి ఆ కావ్యము వ్రాయుమని ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున నానతిచ్చిన శ్రీకాకుళము మాకు దగ్గరి యూరు. అందుచే ఆ గ్రంథముపై మా యింటివారికి మక్కువ మిక్కుటము. ఇరువది యేండ్ల క్రిందట దానిని కంప్యూటరులో నెక్కించితిని. ఆ లిపి యొక వ్యాపార సంస్థవారి సొంత సంకేతములతో గూడినది. యంత్రము మారినది, వ్యవస్థ మారినది, ఆ సంస్థవారు తమ సరకును మానుకొనిరి. నేడు తెఱచి చూచిన, పద్యముండవలసినచోట ఆంగ్లాక్షరములును, చుక్కలును, కొక్కెములును కనబడును. తాళము వారిది, ఇల్లు నాది. ఈ బాధయే నన్ను స్వేచ్ఛా సాఫ్టువేరు వైపు నడిపించినది.

ఆంగ్లమున ఫ్రీ యను మాటకు వెల లేనిదనియు, బంధము లేనిదనియు రెండర్థములు. మనకు ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో పనిచేసిన రిచర్డు స్టాల్‌మన్ 1983 సెప్టెంబరు 27వ తేదీన ప్రకటించినది ఈ రెండవ యర్థముగల వ్యవస్థను. ఎవరైనను వాడవచ్చును, లోపల నెట్లు నడచునో చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. దానికాయన పెట్టిన పేరు గ్నూ. గ్నూ యనగా "గ్నూ యూనిక్సు కాదు" అని విగ్రహవాక్యము. నిర్వచనములో నిర్వచింపబడునదే చేరినది! మన తార్కికులు దీనిని ఆత్మాశ్రయదోష మందురు. అంతటితో పోలేదు. ఆ వ్యవస్థకు గుండెవంటి భాగమునకు హర్డు అని పేరిడి, ఆ పేరులోని మొదటి మాట హిర్డు అనిరి. హిర్డు అననేమి యన్న, అందులోని మొదటి మాట హర్డు అనిరి. ఇది అన్యోన్యాశ్రయము. మా గురువుగారు వినియుండిన బెత్తము తీసియుందురు. వారు మాత్రము దీనిని వేడుకగా, తెలిసియే చేసిరి.

గుండెవంటి భాగమంటిని. యంత్రమునకును దానిపై నడచు కార్యక్రమములకును నడుమ నిలిచి, ఎవరికెంత జ్ఞాపకస్థలము, ఎవరికెంత కాలము అని పంచిపెట్టునది కెర్నెలు. దానిని కట్టుటలో రెండు మతములు గలవు. మన డెల్టావారికి ఇది తెలియని విషయము కాదు. బెజవాడకడ కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తియైనది; 1957లో దాని స్థానమున ప్రకాశము బ్యారేజి వచ్చినది. అచ్చట చేయునది నీటిని నిలిపి కాలువలకు వదలుట. ఆపై ప్రతి లాకుకడను, ప్రతి తూముకడను ఒక లస్కరు ఉండి తన తలుపును తాను చూచుకొనును. పులిగడ్డ అక్విడక్టు దాటిన తరువాత దివిసీమలో నొక తూము తలుపు విఱిగినచో ఆ పిల్లకాలువ క్రింది చేలకే యిబ్బంది. బెజవాడలో గేట్లు దింపనక్కఱలేదు. మైక్రోకెర్నెలు మతమిదియే. కెర్నెలు అత్యల్పమైన పని మాత్రము చేయును. దస్త్రముల నరయుట, వలతో మాటలాడుట మొదలగు పనులు వేఱువేఱు సర్వరులు, అనగా లస్కరులు, బయటనుండి చేయుదురు. రెండవ మతమున తలుపులన్నియు ఒక్కచోటనే, ఒక్కని చేతిలోనే యుండును. పని వడిగా సాగును. కాని యొకచోట తప్పు దొరలిన మొత్తము నిలిచిపోవచ్చును.

మైక్రోకెర్నెలులలో పేరొందినది మాక్. దానిని 1985 మొదలుకొని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రిచర్డు రషీదు మొదలగువారు నిర్మించిరి. గ్నూవారికి అప్పటికి సంపాదక కార్యక్రమము కలదు, 1987లో సంకలనియు వచ్చినది, కెర్నెలొకటియే కొఱత. క్రొత్తగా కట్టుట యేల, మాక్‌ను వారు స్వేచ్ఛగా విడుదల చేసెదరు, దానిమీద సర్వరులు వ్రాసికొందమని నిరీక్షించిరి. ఆ నిరీక్షణలో కాలము గడచినది. హర్డు పని 1990లో మొదలైనది. ప్రధాన శిల్పి బుష్‌నెల్. పలు సర్వరులు ఒకరికొకరు సందేశములు పంపుకొనుచు ఏకకాలమున నడచునప్పుడు తప్పెక్కడనో పట్టుకొనుట మిక్కిలి దుర్ఘటమయ్యెను.

ఇంతలో 1991 ఆగష్టు 25న హెల్సింకిలో ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు, తానొక చిన్న వ్యవస్థను వేడుకకు వ్రాయుచున్నాననియు, అది గ్నూ అంత పెద్దది కాబోదనియు ప్రకటించెను. అతనిది రెండవ మతము. 1992 జనవరిలో ఆంస్టర్‌డాంలోని ఆచార్యుడు టానెన్‌బామ్, ఇట్టి కట్టడము కాలము చెల్లినదని వాదమునకు దిగెను. ఆ వాదములోనే లైనసు ఒప్పుకొన్న మాట యొకటి నన్నెప్పుడును కలచివేయును. గ్నూవారి కెర్నెలు ముందే సిద్ధమైయుండినచో తాను పూనుకొనియే యుండనని అతడనెను. సిద్ధాంతమున టానెన్‌బామ్ పక్షమే సరియని నా నమ్మకము. అయిన నేమి? వ్యాకరణము ముగిసిన పిదప మాటలాడుదమని కూర్చున్నవానికంటె, తప్పులతోనైనను మాటలాడినవాడు ముందు పోయెను. గ్నూవారి పరికరములును లినక్సు కెర్నెలును కలసి లోకమంతయు వ్యాపించినవి.

హర్డు మొదటి పరీక్షా సంచిక 1996లో వచ్చినది. 1997లో 0.2 సంఖ్యగల సంచిక, తరువాత 2013 సెప్టెంబరు 27న, గ్నూ ముప్పదియవ జన్మదినమున, 0.5 సంచిక. నడుమ పదునాఱేండ్లు! మాక్‌ను విడిచి ఎల్4 మొదలగు క్రొత్త మైక్రోకెర్నెలులకు మారుదమని చేసిన యత్నములు కొనసాగలేదు. 2016లో 0.9 వచ్చెను. ఒక విశేషము: లినక్సు యంత్రములలో పెక్కింటిని మేలుకొలుపు గ్రబ్ అను కార్యక్రమమును ఎరిక్ బోలిన్ 1995లో మొదలిడినది హర్డును లేపుటకొఱకే. లేపవలసినవాడు లేవలేదు, పొరుగువాడు లేచినాడు.

ఇంక "అది యేల" యను ప్రశ్న. హర్డులో ట్రాన్స్‌లేటరు అనునది కలదు. నేను దానిని దుబాసీ యందును. 1611లో ఆంగ్లేయులు బందరున దిగిన పిదప వర్తకునికిని నేతగానికిని నడుమ దుబాసీలు మాటలు నడపిరి కదా. ఇచ్చటను అంతే. ఒక దస్త్రపు పేరుకడ దుబాసీని కూర్చుండబెట్టిన, దూరదేశపు యంత్రములోని గ్రంథములు మన సంచిలోనివే యన్నట్లు కనిపించును. ఇందులో ముఖ్యమేమన, దీనికి యజమాని యనుమతి యక్కఱలేదు. సాధారణముగా నిట్టి పనులకు రూటు అను సర్వాధికారి కావలెను. హర్డులో సామాన్యుడు తన సొత్తుమీద తన దుబాసీని తానే నియమించుకొనవచ్చును. దాని తప్పు అతనిదే, పొరుగువానికి చేటు లేదు. తాళము పరుల చేతిలోనుండి నష్టపోయినవానికి ఈ ఏర్పాటు ఎంత ప్రియమో చెప్పనక్కఱలేదు.

"నా యంత్రముమీద నడచునా?" దీనికి నిజము చెప్పవలెను. డెబియను సంఘమున 1998లో మార్కస్ బ్రింక్‌మన్ మొదలిడిన కూర్పు 2025 ఆగష్టులో మరల వెలువడినది. అందు 64 బిట్ల యంత్రములకును చోటు కల్పించిరి. డెబియను భాండారమున నూటికి 70కి మించిన సామగ్రి దానికి లభ్యము. డిస్కును నడపు భాగములు నెట్‌బిఎస్‌డినుండి తెచ్చినవి, కెర్నెలుకు బయటనే నడచును. కాని వైఫై, ధ్వని మొదలగువానిని నమ్ముకొనరాదు. ఇంటి లెక్కలకు, బడి పనులకు వాడదలచినవారు లినక్సునే వాడుకొనుడు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగు చేసిరి. హర్డును చూడగోరువారు క్యూఎము అను కార్యక్రమములో, ఉన్న యంత్రములోనే మఱియొక మాయాయంత్రమును కల్పించుకొని నడపుట మేలు. చెడినను చెడునది మాయయే.

మొన్న అవనిగడ్డ కుఱ్ఱవాడొకడు మా యింట అట్లే నడపుచుండెను. వలతో మాటలాడు సర్వరును చంపుమని నేనంటిని. "మేష్టారూ, అంతా పోతుందండీ" అని జంకెను. చంపినాడు. తెరమీద మిగిలిన పనులు కదలక నిలిచియున్నవి. మరల నొక దూరపు యంత్రమును పిలువగా, చచ్చిన సర్వరు స్థానమున క్రొత్తది తనంత తానే లేచి బదులు తెచ్చినది. వాడు మూడుమాఱులు చంపి మూడుమాఱులు చూచెను. ఆ ప్రక్క కిటికీలో నేను మా తండ్రిగారి టిప్పణమును యూనికోడు లిపిలో, వారి చేవ్రాతనుండి, మొదటినుండి మరల నెక్కించుచుంటిని. మూడవ యాశ్వాసము నడచుచున్నది.