ఉయ్యాల తాడు పట్టుకున్న చేతులు

మన చరిత్ర అనగానే జోడేఘాట్ గుర్తొస్తుంది, 1940లో కొమురం భీం అమరత్వం గుర్తొస్తుంది, 1/70 చట్టం గుర్తొస్తుంది. గుర్తు రావలసిందే. కానీ రాత్రిళ్లు మన పసిపిల్లలను ఎవరు నిద్రపుచ్చారన్నది కూడా చరిత్రే. దాన్ని ఎవరూ రాయలేదు. అది మన అవ్వల నోట్లోనే ఉండిపోయింది.

హాస్టల్ వార్డెన్లుగా మాకు చదువు ముగించి వెళ్లిన పిల్లల నుంచి వేళ కాని వేళ ఫోన్లు వస్తుంటాయి. ఒకసారి రాత్రి ఒంటిగంటకు వచ్చింది. "మేడమ్, పాపకు ఇరవై రోజులు. పగలంతా పడుకుంటది, రాత్రంతా ఏడుస్తది. దగ్గు సిరప్ రెండు చుక్కలు వేస్తే పడుకుంటదని పక్కింటామె అంటుంది. వేయమంటారా?" పట్నంలో అద్దె గది. భర్తకు నైట్ డ్యూటీ. చుక్క కూడా వేయొద్దన్నాం. పాలు తాగుతోందా, ఒళ్లు కాలుతోందా అని అడిగి, తెల్లారగానే డాక్టరుకు చూపించమన్నాం. పాపకు ఏ జబ్బూ లేదు. మరి ఆ అమ్మాయి అవ్వ కూడా పిల్లల్ని కన్నదే కదా, ఆమెకు సిరప్ ఎందుకు అవసరం రాలేదు?

గోదావరి ఒడ్డు కోయగూడేలనే తీసుకుందాం. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాత్రి చివరి జాములో రాలుతుంది. పశువులు తినకముందే ఏరుకోవాలి కాబట్టి ఆడవాళ్లు చీకటితోనే బుట్టలు పట్టుకుని వెళ్లేవారు. బాలింత ఇంట్లో అవ్వ ఉండేది, ఆడబిడ్డ ఉండేది. పాత చీరను దూలానికి కడితే అదే ఉయ్యాల. రాత్రి బిడ్డ కదిలితే తల్లి పాలిచ్చేది. తర్వాత ఎత్తుకుని తిరిగేది ఇంకొకరు. కొన్నాళ్లకు తల్లి కూడా పువ్వుకు వెళ్లేది, ఉయ్యాల తాడు తాత చేతికి వచ్చేది. బిడ్డ తెల్లవార్లూ ఒకే నిద్ర పోవాలని ఎవరూ పట్టుబట్టలేదు. నిద్ర లేమిని నలుగురూ పంచుకున్నారు.

ఆ నలుగురు లేనిచోట ఏం జరిగిందో బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర చెబుతుంది. పనికెళ్లే తల్లులు బిడ్డ ఏడవకుండా నల్లమందు కలిపిన చిన్న మాత్రలు వేసేవారు. వాటిని బాలగోలీలు అనేవారు. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదికలో ఈ విషయాన్ని ప్రస్తావించింది. మిల్లుల దగ్గర పిల్లల సంరక్షణ కేంద్రాలు కావాలంది. తల్లులకు ప్రేమ లేక కాదు, పట్టుకునే చేతులు లేక.

చదువుకున్న దేశాల్లో ఇంకో దారి పట్టారు. న్యూజిలాండ్‌లో ట్రూబీ కింగ్ అనే డాక్టరు 1907లో తల్లుల కోసం ఒక సంఘం పెట్టి, నాలుగు గంటలకోసారి గడియారం చూసి పాలివ్వండి, రాత్రి అసలివ్వకండి అని నేర్పాడు. ఆ మాట చాలా దేశాలకు పాకింది.

ఇప్పటి వైద్యం ఆ గడియారాన్ని పక్కన పెట్టింది. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది, కానీ ముక్కలు ముక్కలుగా. కడుపు చిన్నది కాబట్టి రెండు మూడు గంటలకోసారి ఆకలి వేస్తుంది. పగలు, రాత్రి తేడా ఒంటికి పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తల్లికి రాత్రి వచ్చే పాలలో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఎక్కువగా ఉంటుంది. పగలు వెలుతురు, మాటల సందడి, రాత్రి చీకటి, మెల్లని గొంతు ఉంటే బిడ్డకు తేడా త్వరగా తెలుస్తుంది. కరెంటు లేని గూడెంలో ఇది ఎవరూ చెప్పకుండానే జరిగింది. ఇప్పుడు రాత్రి పాలిస్తూ ఫోన్ చూసే వెలుగు బిడ్డ ముఖం మీద పడుతోంది.

అలాగని పాతదంతా మంచిదని మేము అనము. మూసిన గదిలో కుంపటి పొగ పసి ఊపిరితిత్తులకు కీడు. చీర ఉయ్యాలలో మెడ వంగి గడ్డం గుండెకు ఆనితే ఊపిరి ఆడదు. మెత్తటి దుప్పట్లు లేని చదునైన చోట, వెల్లకిలా పడుకోబెట్టాలి. ముఖం మీద గుడ్డ కప్పకూడదు. గూడేల్లో ఎందరు పసివాళ్లు దక్కకుండా పోయారో అవ్వలనే అడగండి, వేళ్లు మడిచి లెక్క చెబుతారు.

ఆ అమ్మాయి తల్లినీ అవ్వనూ పట్నం పిలిపించుకుంది. మూడో నెల దాటేసరికి పాప రాత్రి నాలుగైదు గంటలు వరసగా పడుకోవడం మొదలుపెట్టింది. అవ్వ పాడే కోయ జోలపాటను ఫోన్‌లో రికార్డు చేసి మాకు పంపింది. మధ్యలో అవ్వ ఆగిపోయింది. తర్వాతి మాటలు గుర్తు రాలేదట. వాళ్ల గూడెంలో ఇంకెవరికైనా వచ్చేమో కనుక్కుంటోంది.