రైలుబండియు, మన పెద్దలు నేర్చిన మాటలును

నేడు నేను చెప్పబూనినది రాజుల చరిత్రము కాదు, యుద్ధముల చరిత్రమును కాదు. పెట్టె, టిక్కెట్టు, తువ్వాలు, కూజా మొదలైన ప్రయాణపు వస్తువుల పేళ్ల చరిత్రము. ఇంగ్లీషు అక్షర మొక్కటియు నెఱుగని మన పెద్దలు ఇంగ్లీషు మాటల నెట్లు నేర్చిరి, ఏల నేర్చిరి అను సంగతిని మా అనకాపల్లిని ఆధారముగా గొని కొంత విన్నవింతును. ఈ విషయముపై నాకు బుద్ధి పుట్టించినది మా తాతగారి పాత పంచాంగ మొకటి. దాని మాట కడపట చెప్పెదను.

రైలు లేని కాలమున దూరప్రయాణ మెట్లుండెడిదో తెలియగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రమును చదువవలెను. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీని బయలుదేరి, కాశిని సేవించి, కలకత్తా, జగన్నాథముల మీదుగా మన సముద్రతీరపు బాటనే దిగివచ్చి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆ గ్రంథము 1838లో అచ్చుపడినది. పల్లకి, బోయీలు, డేరా, సత్రము: ఇట్టి వానితో సాగిన యాత్ర యది. ఆయన ఇంగ్లీషున గట్టివాడే. అయినను దారిలో వాడుకొను వస్తువులకు పేళ్లు వెదకికొనవలసిన యక్కఱ ఆయనకు లేకపోయెను. పల్లకియు మనదే, సత్రమును మనదే. డేరా హిందూస్థానీ మాటయైనను అప్పటికే ఇంటిమాట యైనది.

తరువాత 1854లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు మిశ్రభాషా నిఘంటువును ప్రకటించిరి. తెలుగున కలిసిపోయిన పరభాషల మాటలను ప్రత్యేకముగా కూర్చిన గ్రంథ మది. దక్షిణదేశమున ప్రయాణికుల రైలు తొలుత నడచినది 1856 జూలై 1వ తేదీని, చెన్నపట్టణపు రాయపురము నుండి ఆర్కాటు దిక్కుగా వాలాజా వఱకు. అనగా జనుల నోట రైలుమాటలు నాటుకొనకమునుపే బ్రౌనుగారి కూర్పు ముగిసినదన్నమాట. ఆయన మఱి పదునైదేండ్లు ఈ దేశముననే యుండినయెడల ఆ నిఘంటువు ఎంత లావయ్యెడిదో!

మా ప్రాంతమునకు రైలు ఆలస్యముగా వచ్చినది. బెజవాడకును కటకమునకును నడుమ తూర్పుతీరపు రైలుదారి 1893 మొదలు 1896 లోపల తెఱవబడినది. అనకాపల్లి ఆ దారిపైననే యున్నది. 1900లో గోదావరిపై హేవలాకు వంతెన తెఱవబడిన పిదప, నది కడ దిగి పడవలో దాటవలసిన బాధ తప్పినది. శారదానది చెంత చెఱకు పండించి, గానుగ యాడించి, బెల్లము వండి దిమ్మలు కట్టు రైతు అంతవఱకు ఎడ్లబండి కట్టుకొని పోవువాడు. ఇక స్టేషను మెట్లెక్కక తప్పలేదు. వాని వెంట కూలివాడును, దళారియు, గుమాస్తాయు ఎక్కిరి. గూడ్సు, వేగను, బుకింగు, రశీదు, లగేజి అను మాటలను వారు ఏ బడిలో నేర్చిరి? దిమ్మలు తూకము వేయు చోటనే నేర్చిరి. మాట తప్పిన సరకు తప్పును. సరకు తప్పిన కూడు తప్పును. అట్టి బడిలో చదివినవాడు పాఠము మఱచునా?

అదే కాలమున ఇంగ్లీషును వేఱు పనికి వాడుకొనువారును ఉండిరి. గురజాడ అప్పారావుగారు మా పొరుగుననే రాయవరమున 1862లో పుట్టినవారు. 1897లో అచ్చయిన వారి కన్యాశుల్కమున గిరీశము, వెంకటేశముల ఇంగ్లీషు ఇంటివారిని మెప్పించుటకే గాని ఒక చెంబెడు నీళ్లు తెచ్చుటకైన పనికిరాదు. స్టేషనులో మూటలు మోయువాని నాలుగు మాటలు దానికంటె మేలని నా అభిప్రాయము.

మనవారు ఈ మాటలను తెచ్చుకొని ఊరకుండలేదు. వ్యాకరణమునకు లోబఱచిరి. కాలు బహువచనమున కాళ్లగును, వేలు వేళ్లగును; అట్లే రైలు రైళ్లయినది. చెట్టు చెట్లయినట్లు టిక్కెట్టు టిక్కెట్లయినది. ఈ మార్పు చేయుమని ఏ పండితుడును చెప్పలేదు. పొలము గట్టుపై నిలిచి బండి చప్పుడు విన్నవారే చేసిరి. అర్థములును మాఱినవి. ఇంగ్లీషున రైలనగా ఇనుపకమ్మి, మనకది బండి. వారికి బోగీ యనగా పెట్టె క్రింద చక్రములుండు చట్రము. మనకు పెట్టె యంతయు బోగీయే. టిక్కెట్టును చూడుడు. 1830ల చివర ఎడ్మండ్‌సన్ అను ఇంగ్లీషు స్టేషను మాస్టరు సంఖ్యలు అచ్చువేసిన చిన్న అట్టముక్కను కల్పించెను. అదియే మన దేశమునను చిరకాలము చెల్లినది. దానిని ధోవతి కొంగున ముడివేసికొనని ముసలివాడు మా ఊర లేడు.

నాటి యాత్రికుని మూట విప్పిచూడుడు. తువ్వాలు పోర్చుగీసువారి మాట, కూజా పారసీకుల మాట, ట్రంకుపెట్టెలో ట్రంకు ఇంగ్లీషు, హోల్డాలు ఇంగ్లీషు, చెంబు మనది. ఇన్ని దేశముల మాటలు ఒక్క భుజముపై కలహింపక ప్రయాణము చేసినవి.

పండితులము మాత్రము కలహించితిమి. రైలును ధూమశకటమంటిమి. నేను తెలుగు పండితుడనై బడిలో చేరిన తొలిదినములలో ‘రైలు’ అని వ్రాసిన పిల్లలకు మార్కులు తగ్గించినవాడను. ఇప్పుడు తలచిన సిగ్గగును. బొగ్గింజనులు పోయినవి, విద్యుత్తు ఇంజనులు వచ్చినవి. ధూమశకటమున ధూమము లేదు. కమ్ములు మాత్రము ఉన్నవి గనుక రైలనుమాట నేటికిని నిలిచినది. శాస్త్రమైనను నా పక్షమున లేదు. మీమాంసలో పికనేమాధికరణ మని యొక విచార మున్నది. వేదమున పిక, నేమ, సత మొదలగు కొన్ని మాటలు వచ్చును. వాని అర్థము ఆర్యుల వాడుకలో లేదు, మ్లేచ్ఛుల వాడుకలో నున్నది. వ్యాకరణముచే ధాతువులు త్రవ్వి అర్థము కల్పింపవలెనా, మ్లేచ్ఛుల నడిగి తెలిసికొనవలెనా యని ప్రశ్న. వాడుకొనువారి నడుగుటయే న్యాయమని శబరస్వామి తీర్పు. పికమనగా కోయిల, నేమమనగా సగము. సతమన నేమో యని భ్రమపడకుడు; నూఱు చిల్లులు గల కొయ్యపాత్ర. ఇంటిలో వాడు వస్తువే!

ఈ అధికరణమును నాకు చెప్పినవారు మా తాతగారే. అయినను వారు ఇంగ్లీషు మాట నోట పలుకకుండిరి. 1968లో వారును, మా నాయనమ్మయు నన్ను వెంటబెట్టుకొని వాల్తేరు, హౌరాల మీదుగా కాశికి బయలుదేరిరి. నాకప్పుడు పదవ యేడు. ప్రయాణమునకు పక్షము దినములు ముందుగా నాయనమ్మ బెల్లపు కొట్టు గుమాస్తా నొకనిని అరుగుపై కూర్చుండబెట్టి టిక్కెట్టు, గార్డు, ప్లాటుఫారము, వెయిటింగు రూము అని సహస్రనామమువలె వల్లించినది. తాతగారు వినియు విననట్లుండిరి.

హౌరా దాటిన పిమ్మట, ఒక పెద్ద జంక్షనులో తాతగారు చెంబు గొని నీళ్లకై దిగిరి. తిరిగివచ్చునప్పుడు వంతెన యెక్కి వేఱొక ప్లాటుఫారమున దిగిరి. కనబడినవారి నెల్ల సంస్కృతమున అడిగిరట. అందఱును నమస్కరించి తొలగిపోయిరట. మా బండి కదలినది. నాయనమ్మ ఏడ్వలేదు. తరువాతి స్టేషనులో నన్ను చేయిపట్టి దింపి, మూడు టిక్కెట్లు చాచి, ‘గార్డు, గార్డు’ అని కేకవేసినది. ఆయన వచ్చి టిక్కెట్లను లెక్కపెట్టి, మమ్ము లెక్కపెట్టి, సంగతి గ్రహించి స్టేషను మాస్టరుకు చెప్పెను. వెయిటింగు రూములో బల్లపై ఆ రాత్రి యంతయు ఆమె ఒడిలో తల పెట్టుకొని నేను నిద్రపోలేదు. తాత యిక రాడేమో యని పలుమాఱు అడిగితిని. ఆమె మాటాడక నా తల నిమురుచుండెను. తెల్లవాఱిన పిదప వచ్చిన బండిలో తాతగారు దిగిరి. చేతిలో చెంబు నిండుగానే యున్నది.

కాశిలో ఆ సంగతి ఎవరును ఎత్తలేదు. ఇల్లు చేరిన తరువాతను తాతగారు ఏమియు ననలేదు. వారు గతించిన చాలయేండ్లకు వారి పెట్టె సర్దుచుండగా కీలక నామ సంవత్సరపు పంచాంగము దొరికినది. చివరి పుటలో ఖాళీచోట వారి చేవ్రాలుతో, గుండ్రని తెలుగక్షరములలో, పదునాలుగు మాటలును వాని యర్థములును వ్రాసియున్నవి. గార్డు, లగేజి, పోర్టరు, ప్లాటుఫారము నున్నవి. అన్నిటికంటె పైన, మొదటి పంక్తిలో, వాటరు అని వ్రాసి, ఎదురుగా నీళ్లు అని వ్రాసికొనిరి.