విశ్వవిద్యాలయ ప్రాంగణాల నెట్‌వర్క్ భద్రత: విస్తరణతో పాటు చేపట్టవలసిన చర్యలు

విశ్వవిద్యాలయాలలో ప్రవేశాలు, ఫీజుల చెల్లింపు మొదలుకొని పరీక్షలు, ఫలితాల వరకు దాదాపు ప్రతి పనీ నేడు కంప్యూటర్ నెట్‌వర్క్ మీదనే సాగుతోంది. కొత్త భవనం, కొత్త వసతిగృహం నిర్మించిన ప్రతిసారీ మరో స్విచ్ అమర్చి పాత నెట్‌వర్క్‌కే కలుపుతూ పోవడం పరిపాటి. ఈ విధంగా పెరిగిన నెట్‌వర్క్‌లో వసతిగృహంలోని ల్యాప్‌టాప్‌కూ, పరీక్షల విభాగంలోని సర్వర్‌కూ మధ్య అడ్డుగోడ ఉండదు. ముఖద్వారం వద్ద ఫైర్‌వాల్ ఎంత పటిష్ఠంగా ఉన్నప్పటికీ, ఒకసారి లోనికి చేరినవారిని ఆపే ఏర్పాటు కొరవడుతుంది.

దేశంలో విద్యాసంస్థలను అనుసంధానించే కృషి 1986లో ఎర్నెట్‌తో ప్రారంభమైంది. 2010 మార్చిలో జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వీటి ద్వారా వేగవంతమైన అనుసంధానం లభించినా, ప్రాంగణం లోపలి భద్రత ఆయా సంస్థల బాధ్యతే.

మాస్ట్రిక్ట్ అనుభవం

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయానికి 2019లో ఎదురైన అనుభవం ఇందుకు నిదర్శనం. ఆ ఏడాది అక్టోబరు మధ్యలో వచ్చిన మోసపూరిత ఈ-మెయిళ్ళలోని లంకెలను తెరవడంతో దుండగులు లోనికి ప్రవేశించారు. భద్రతా అప్‌డేట్లు పూర్తిగా చేయని ఒక సర్వర్ ద్వారా నవంబరులో నెట్‌వర్క్‌పై పూర్తి అధికారం సంపాదించారు. డిసెంబరు 23న 267 సర్వర్లలోని ఫైళ్ళు తెరుచుకోకుండా తాళం వేశారు. కొన్ని ముఖ్య వ్యవస్థల బ్యాకప్‌లు సైతం అదే నెట్‌వర్క్‌లో ఉన్నందున అవీ అక్కరకు రాలేదు. పరీక్షలు, పరిశోధన, జీతాల చెల్లింపు నిలిచిపోయే పరిస్థితి ఏర్పడగా, విశ్వవిద్యాలయం 30 బిట్‌కాయిన్లు, అంటే నాటి విలువలో సుమారు 2 లక్షల యూరోలు చెల్లించింది. దుండగులు లోపల తిరిగిన రెండు నెలలకు పైగా వ్యవధిలో వారిని అడ్డుకోలేకపోవడం ఇందులోని ప్రధాన గుణపాఠం. 2020 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయమే ఈ వివరాలను బహిరంగపరచి ఇతర సంస్థలకు మేలు చేసింది.

మన దేశంలో 2022 నవంబరు 23న న్యూఢిల్లీలోని ఎయిమ్స్‌పై జరిగిన దాడిలో 5 సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి ఇదే గతి పట్టింది. నెట్‌వర్క్ విభజన సక్రమంగా లేకపోవడమే కారణమని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

చేపట్టవలసిన చర్యలు

1. ముందుగా నెట్‌వర్క్‌కు కలిసి ఉన్న ప్రతి కంప్యూటర్, సర్వర్, కెమెరా, ప్రింటర్‌ల జాబితా సిద్ధం చేయాలి. జాబితాలో లేని పరికరానికి రక్షణ కల్పించడం సాధ్యం కాదు.

2. పరీక్షల విభాగం, ఆర్థిక విభాగం, ప్రయోగశాలలు, వసతిగృహాలు, అతిథులు, నిఘా కెమెరాలకు వేర్వేరు విభాగాలుగా నెట్‌వర్క్‌ను విభజించి, వాటి మధ్య అవసరమైన మార్గాలను మాత్రమే అనుమతించాలి. ఒక గదిలో నిప్పు పుడితే ఇల్లంతా అంటుకోకుండా కాపాడేది ఈ విభజనే.

3. అందరికీ ఒకే వైఫై పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతికి స్వస్తి పలికి, ప్రతి ఒక్కరికీ విడిగా గుర్తింపు ఇవ్వాలి. మార్కులు మార్చగల, సర్వర్లు నిర్వహించే అధికారం గలవారికి పాస్‌వర్డ్‌తో పాటు రెండవ ధ్రువీకరణ తప్పనిసరి చేయాలి.

4. సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలలో, ఒకటి ప్రాంగణం వెలుపల ఉండాలి. కనీసం ఒక ప్రతిని నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా భద్రపరచాలి. బ్యాకప్ నుంచి సమాచారాన్ని తిరిగి పొందగలుగుతున్నదీ లేనిదీ ఎప్పటికప్పుడు పరీక్షించాలి.

చట్టపరమైన బాధ్యతలు

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 70బి సెక్షన్ కింద సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ప్రభుత్వ సంస్థలు సహా వాటి పరిధిలోని సంస్థలన్నీ నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన భద్రతా ఏర్పాట్లు చేయని పక్షంలో రూ. 250 కోట్ల వరకు జరిమానా విధించే వీలుంది. ఆ చట్టం నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు.

మార్కుల జాబితా సకాలంలో అందకపోతే విద్యార్థికి పై చదువు, ఉద్యోగ అవకాశం చేజారవచ్చు. పరిశోధకుని ఏళ్ళ శ్రమ ఒక్క రాత్రిలో కనుమరుగు కావచ్చు. కనుక కొత్త భవనాల అంచనాలు రూపొందించే దశలోనే నెట్‌వర్క్ భద్రతకు నిధులు, బాధ్యుడైన అధికారి, శిక్షణ పొందిన సిబ్బందిని కేటాయించవలసిన అవసరం ఎంతైనా ఉంది.