కంటికి నోటి సాయం

మలయా రబ్బరు తోటలలో పుట్టి పెరిగిన మన కుటుంబాలకు ఫార్మిక్ ఆసిడ్ వాసన కొత్త కాదు. చెట్టు నుండి తీసిన పాలు గడ్డకట్టడానికి దానిని కలిపేవారు. అది చుక్క కంట్లో పడితే ఏమవుతుందో మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. తోటలు వదలి పట్టణాలకు వచ్చిన తరువాత కూడా మన పెళ్లి పేరంటాలలో తాంబూలం పళ్లెం పక్కన సున్నం డబ్బా తప్పదు. ఆ సున్నం కంటికి ఆసిడ్ కంటె ప్రమాదకరం. ఆసిడ్ పై పొరను మాడ్చి చాలావరకు అక్కడే ఆగుతుంది. సున్నం వంటి క్షారం కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. అలా రెండు కళ్లూ దెబ్బ తిన్నవారికి తమ నోటి నుండే సాయం అందే మార్గం ఎలా ఏర్పడిందో పాఠక సోదర సోదరీమణుల ముందుంచాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఆ చరిత్రలో మన హైదరాబాదుకు కూడా కొంత పాలు ఉంది.

అన్నం తింటూ చెక్కిలి కొరుక్కోని వారుండరు. నాలుగైదు రోజులలో అది మానిపోతుంది, మచ్చ కూడా సాధారణంగా మిగలదు. అదే గాయం మోకాలి మీద తగిలితే ఏళ్ల తరబడి గుర్తు ఉంటుంది. నోటి లోపలి పొర అడుగు వరుసలో ఎడతెగక కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఉన్నాయి. స్టెమ్ సెల్స్ అని పేపర్లలో చదువుతున్నవి ఇవే. కంటికీ ఇటువంటి ఏర్పాటే ఉంది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియాకు కావలసిన మూలకణాలు, నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో ఉంటాయి. ఆ అంచు కాలిపోతే కార్నియా మీదికి తెల్లగుడ్డు పొర, రక్తనాళాలు పాకుతాయి. అప్పుడు మరణించినవారి నుండి తెచ్చి కార్నియా మార్చినా అది నిలవదు, ఎందుకంటే పై పొరను పోషించే ఊట ఎండిపోయింది.

కాలిన కంటికి నోటి పొర అతికించాలన్న ఆలోచన పాతదే. 1912లోనే రుడాల్ఫ్ డెనిగ్ అనే వైద్యుడు ఆ చికిత్సను గురించి ప్రచురించాడు. అయితే పొరను మందంగా కోసి తెచ్చి కార్నియా మీద పెడితే దానితోపాటు అడుగున ఉన్న పీచు, రక్తనాళాలు కూడా వచ్చేవి. కన్ను మూసుకుపోయినట్లే ఉండేది. 1963లో బెనెడెట్టో స్ట్రాంపెల్లి అనే వైద్యుడు మరీ విచిత్రమైన పని చేశాడు. రోగి పన్నునే ఎముకతో సహా తీసి, దానికి రంధ్రం చేసి, చిన్న కటకం అమర్చి కంట్లో బిగించాడు. పంటితో చూడటమంటే మన అవధానులు కూడా సమస్యగా ఇవ్వడానికి జంకుతారేమో! కాని ఆ శస్త్రచికిత్స ఈనాటికీ కొందరికి చూపు ఇస్తున్నది.

అసలు మలుపు 1975లో వచ్చింది. అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రజ్ఞులు మనిషి చర్మపు కణాలను గాజుపాత్రలో పెంచి వృద్ధి చేయగలిగారు. ఒక చిన్న ముక్క నుండి పెద్ద పొర తయారు కాగలదని దానితో తేలింది. 1997లో ఇటలీకి చెందిన పెల్లెగ్రీని, డి లూకా బృందం ఈ పద్ధతిని కంటి అంచులోని మూలకణాలకు వర్తింపజేసి, ఆరోగ్యంగా ఉన్న కంటి నుండి గోరంత ముక్క తీసి పెంచి చెడిన కంటికి అమర్చింది. కాని రెండు కళ్లూ కాలినవారి గతి? మరొకరి కంటి నుండి తెస్తే శరీరం నిరాకరించకుండా బలమైన మందులు వాడవలసి వస్తుంది.

ఇక్కడ జపాన్ వారు తిరిగి నోటి వైపు చూశారు. క్యోటోలో కినోషితా, నకమూరా బృందం రోగి నోటి కణాలను ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి కంటికి అమర్చింది. ఒసాకాలో నిషిదా, టోక్యోలోని ఒకానోతో కలిసి, మరొక ఉపాయం పన్నాడు. పాత్ర అడుగున ఒక ప్రత్యేక పదార్థం పూశారు. వెచ్చగా ఉన్నంతసేపు కణాలు దానిని అంటుకొని పెరుగుతాయి, చల్లబరిస్తే పొర మొత్తం చిరగకుండా ఊడి వస్తుంది. పెనం మీద అట్టు గరిట తగలకుండానే లేచి వచ్చినట్లన్నమాట. చెక్కిలి నుండి తీసింది మూడు మిల్లీమీటర్ల ముక్క మాత్రమే. ఆ పొరను కుట్లు లేకుండా అమర్చిన నలుగురు రోగులకూ చూపు మెరుగుపడిందని 2004లో ప్రకటించారు.

హైదరాబాదు సంగతికి వద్దాము. మన పాత తరం 'మిస్సమ్మ' దర్శకుడిగా ఎరిగిన ఎల్.వి. ప్రసాద్ గారు ఇచ్చిన భూమి, ధనంతో, అమెరికా నుండి తిరిగి వెళ్లిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఆ నేత్ర వైద్య సంస్థను ప్రారంభించారు. 2001 నుండి అక్కడ కంటి మూలకణాలను పెంచి అమర్చారు. నోటి కణాలను పెంచిన పద్ధతిని 2008లో ప్రచురించారు. 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ప్రకటించిన పద్ధతి మరీ సులువు: మంచి కంటి ముక్కను చిన్న చిన్న తునకలు చేసి చెడిన కంటి మీదే నాటుతారు, అక్కడే పెరుగుతుంది. నారుమడి అవసరం లేకుండా పొలంలోనే విత్తు చల్లినట్లు. ఖరీదైన ప్రయోగశాల లేని ఊళ్లకు ఇది గొప్ప ఉపకారం. అయితే ఒక కన్నయినా మంచిది మిగలాలి. రెండూ పోయినవారికి నోరు ఇప్పటికీ ఒక ఆధారం.

నోటి కణం కంటి మీద కూర్చున్నా పూర్తిగా కంటి కణం కాదు. కొంతకాలానికి అంచుల నుండి సన్నని రక్తనాళాలు వస్తాయి, చూపు సొంత కంటి కణాలతో వచ్చినంత స్పష్టంగా ఉండదు. అయినా 2021లో జపాన్ ప్రభుత్వం రోగి నోటి కణాలతో తయారయ్యే పొరకు అనుమతి ఇచ్చింది. చీకటిలో ఉన్నవారికి మనిషి నీడ కనిపించినా అది చిన్న విషయం కాదు.

2000లో పంటి గుజ్జులో, 2003లో పాలపళ్లలో కూడా మూలకణాలు కనుగొన్నారు. మనం ఇంటి కప్పు మీదికి విసిరిన పాలపళ్లను ఇప్పుడు రుసుము కట్టించుకొని దాచిపెట్టే వ్యాపారాలు వెలిశాయి. ఆ పళ్లతో నెరవేరిన చికిత్సలు ఇంతవరకు బహు కొద్ది. తల్లిదండ్రులు తొందరపడి డబ్బు చెల్లించవద్దని మా సలహా.

సున్నం కంట్లో పడితే మాత్రం క్షణం ఆగరాదు. రెప్ప తెరచి పట్టుకొని, అంటుకొన్న సున్నం తుడిచి, కొళాయి నీటితో కనీసం అరగంట కడిగి, ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కడిగేముందు పసరు, పాలు, నెయ్యి వెదకవద్దు.

ఇక చెక్కిలి ముక్క తీయడానికి నోరు ఆరోగ్యంగా ఉండాలి. ఏళ్ల తరబడి వక్క నమిలితే చెక్కిలి లోపలి పొర గట్టిపడి, నోరు పూర్తిగా తెరుచుకోని జబ్బు వస్తుంది. అందుచేత ఈ కంటి చికిత్సకు వెళ్లినవారిని వైద్యులు ముందుగా నోరు తెరవమంటారు.